రూపమే నేరమైన చోట: బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ కామిక్సు, అండర్‌గ్రౌండ్ హౌస్ సంగీతం

బ్రిటన్‌లో 1994 నవంబరు 3న రాణి ఆమోదం పొందిన క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం, చట్టాలు సాధారణంగా జోలికి పోని ఒక పనికి పూనుకుంది. సంగీతం అనే మాట కిందికి ఏమేమి వస్తాయో అది నిర్వచించింది. పూర్తిగా గానీ ప్రధానంగా గానీ ఒకదాని వెంట ఒకటిగా పునరావృతమయ్యే బీట్లతో కూడిన ధ్వనులు కూడా సంగీతమేనని 63వ సెక్షన్ చెప్పింది. అటువంటి సంగీతం రాత్రివేళ ఆరుబయట పెద్ద శబ్దంతో మోగుతూ, 100 మంది గానీ అంతకు మించి గానీ గుమిగూడి, చుట్టుపక్కల జనానికి తీవ్రమైన ఇబ్బంది కలిగే పరిస్థితి ఉంటే, అక్కడివారిని వెళ్లిపొమ్మని ఆదేశించే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. పాటలోని బూతును, రాజద్రోహాన్ని, దైవదూషణను పట్టుకున్న చట్టాలు అంతకుముందు ఉన్నాయి. ఈ చట్టం పట్టుకున్నది మాటను కాదు, తాళాన్ని.

దీనికి ఎనిమిదేళ్ల ముందు, అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున, ఒక బ్రిటిష్ చిత్రకారుడి విషయంలో ఇలాంటిదే జరిగింది. అలన్ మూర్ రాయగా కెవిన్ ఓనీల్ బొమ్మలు వేసిన ఒక గ్రీన్ లాంటర్న్ సూపర్‌హీరో కథను, అమెరికాలో కామిక్సును ముందుగా పరిశీలించి అనుమతి ముద్ర వేసే కామిక్స్ కోడ్ అథారిటీ 1986లో తిరస్కరించింది. ఏ బొమ్మను మార్చితే అనుమతి వస్తుందని ప్రచురణకర్తలు అడిగితే, ఏదో ఒక బొమ్మతో వచ్చిన చిక్కు కాదని, ఆ చిత్రకారుడి శైలి మొత్తమే అభ్యంతరకరమని జవాబు వచ్చింది. సంచిక చివరకు కోడ్ ముద్ర లేకుండానే వెలువడింది. ఓనీల్ చేయి తిరిగింది లండన్‌లో వెలువడే ‘2000 ఏడీ’ అనే వారపత్రికలో.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ కామిక్సుకూ, డ్రమ్ మెషీన్ల తాళం మీద సాగే క్లబ్బు నాట్య సంగీతమైన అండర్‌గ్రౌండ్ హౌస్‌కూ మధ్య ఉన్న అసలు చుట్టరికం కనబడుతుంది. రెండింటిలోనూ రోబోలు, అంతరిక్షం, యంత్రపు గొంతులు ఉంటాయి కనుక అవి బంధువులని చెప్పడం సులువే గాని, దానివల్ల తెలిసేది తక్కువ. ఏమి చెప్పారన్న దానిలో కన్నా ఎలా చెప్పారన్న దానిలో ఎక్కువ ధిక్కారాన్ని దాచుకున్నవి ఈ రెండు కళలు. అందుకే వాటిని అదుపు చేయాలనుకున్నవారు చివరకు రూపం మీదనే చేయి వేయవలసి వచ్చింది.

కామిక్సు వైపు ఈ కథ ఒక నిషేధంతోనే మొదలవుతుంది. 1976 ఫిబ్రవరిలో ఐపీసీ అనే ప్రచురణ సంస్థ ‘యాక్షన్’ అనే పిల్లల వారపత్రికను తెచ్చింది. దాని రూపకర్త ప్యాట్ మిల్స్. సొరచేప మనుషులను నమిలే కథ, హింస నిండిన క్రీడల కథ వంటివాటితో వచ్చిన ఈ పత్రికను ‘ద సన్’ దినపత్రిక, దాని ధరను గుర్తుచేస్తూ, ఏడు పెన్నీల పీడకల అని దుయ్యబట్టింది. సెప్టెంబరు 18 నాటి సంచిక ముఖచిత్రం అగ్నికి ఆజ్యం పోసింది. పెద్దలందరూ చనిపోయిన లోకంలో పిల్లల ముఠాలు తన్నుకునే కథకు సంబంధించిన ఆ బొమ్మలో, ఒక కుర్రాడు గొలుసు ఎత్తి, కింద పడిన మనిషి మీద ఝళిపిస్తుంటాడు. పక్కన నేల మీద పోలీసు హెల్మెట్ పడి ఉంటుంది. అక్టోబరు 23 సంచికను అచ్చయిన తరువాత నాశనం చేశారు. డిసెంబరులో పత్రిక మళ్లీ వచ్చింది గాని, కోరలు పీకేసిన పాములా వచ్చింది.

ఆ ముఖచిత్రం వేసినవాడు స్పెయిన్‌కు చెందిన కార్లోస్ ఎస్కెర్రా. ఫ్రాంకో నియంతృత్వంలో పెరిగిన ఈ చిత్రకారుడే కొద్ది నెలల తేడాతో జడ్జి డ్రెడ్ రూపాన్ని తీర్చాడు. భుజం మీద గద్ద, కళ్లు కనబడనివ్వని హెల్మెట్, కింద బిగిసిన దవడ ఆ రూపానికి గుర్తులు. 1977 ఫిబ్రవరిలో 8 పెన్నీల ధరకు, ప్లాస్టిక్ ఎగిరే పళ్లెం బహుమతిగా మొదలైన ‘2000 ఏడీ’ రెండవ సంచికలో, జాన్ వాగ్నర్ సృష్టించిన ఈ పాత్ర తొలిసారి కనిపించింది. డ్రెడ్ ఏకకాలంలో పోలీసు, న్యాయమూర్తి, తలారి. నేల మీద దొర్లిన హెల్మెట్ ఈసారి కథానాయకుడి తలకెక్కింది. హింస తగ్గలేదు, చేతులు మారింది. కొట్టేవాడు చట్టమే అయినప్పుడు, పైగా కథ 122 ఏళ్ల తరువాత జరుగుతున్నప్పుడు, అభ్యంతరం చెప్పేవారికి పట్టు దొరకదు. సైన్స్ ఫిక్షన్ ఆ పత్రికకు కలలు కనడానికి ఎంత పనికొచ్చిందో, తప్పించుకోవడానికీ అంతే పనికొచ్చింది.

డ్రెడ్ పేరులోనే సంగీతం ఉంది. అలెక్స్ హ్యూస్ అనే ఇంగ్లిష్ గాయకుడు జమైకాలో పుట్టిన రెగే సంగీతాన్ని జడ్జ్ డ్రెడ్ అన్న పేరుతో పాడేవాడు. మిల్స్ ఒక భయానక కథ కోసం ఆ పేరును తీసిపెట్టుకున్నాడు. ఆ కథ సాగకపోవడంతో పేరు, స్పెల్లింగులో చిన్న మార్పుతో, వాగ్నర్ పాత్రకు చేరింది. జమైకా వలస జీవితం లండన్ వీధులకు తెచ్చిన బాస్ సంగీతం, ఈ విధంగా, బ్రిటన్‌లోని అత్యంత ప్రసిద్ధమైన సైన్స్ ఫిక్షన్ పాత్రకు పేరు పెట్టింది.

డ్రెడ్ కాపలా కాసే మెగా-సిటీ వన్‌లో చాలామందికి పని లేదు, ఎందుకంటే పనులన్నీ యంత్రాలే చేస్తాయి. వేలాది మందిని ఇముడ్చుకునే ఆకాశహర్మ్యాలలో జనం విసుగుతో బతుకుతుంటారు. ఊసుపోక పెట్టుకున్న సరదాలు ఒక్కొక్కటీ నేరాలవుతుంటాయి. నేపథ్యం అమెరికా అని చెప్పినా, ఈ విసుగు 1980ల బ్రిటన్‌ది. అప్పట్లో ఆ దేశంలో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. మార్లన్ షేక్స్‌పియర్ అనే కుర్రాడు, మారుపేరు చాపర్, ఈ విసుగుకు ప్రతినిధి. 1981లో అతడు గోడల మీద బొమ్మలు రాసి జడ్జీల చేతికి చిక్కుతాడు. 1985 నాటి కథలో, గాలిలో తేలే పలక మీద నిలబడి మేడల మధ్య దూసుకుపోయే నిషిద్ధ పోటీలో పాల్గొంటాడు. ఆ పోటీ ఎవరికీ అన్యాయం చేయడానికి పెట్టినది కాదు, అందులో రాజకీయ నినాదమూ లేదు. అనుమతి తీసుకోకుండా వేలమంది ఒకచోట ఉత్సాహపడటమే అందులోని నేరం. చాపర్ గెలుస్తాడు, వెంటనే అరెస్టవుతాడు, జనం మాత్రం అతడి పేరే జపిస్తారు. కామ్ కెనెడీ గీసిన ఈ కథను, నాలుగేళ్ల తరువాత ఇంగ్లండ్ పొలాల్లో అనుమతి లేకుండా జరిగిన నాట్య సభల గురించి తెలుసుకుని చదివితే, రచయితలు ముందే చూసి వచ్చి రాశారా అనిపిస్తుంది.

ఓనీల్ శైలి సంగతికి వస్తే, అది రూపుదిద్దుకున్న తీరులోనే పాట ఉంది. 1980లో ‘2000 ఏడీ’ పాప్ పాటల పేర్లను ఆసరాగా తీసుకుని కామిక్ రాక్ అనే చిన్న కథల వరుసను మొదలుపెట్టింది. అందులో మొదటిదానికి ఆధారం ఆ ఏడాది మార్చిలో బ్రిటన్‌లో అగ్రస్థానానికి చేరిన ద జామ్ బృందపు ‘గోయింగ్ అండర్‌గ్రౌండ్’. మిల్స్ రాసి ఓనీల్ గీసిన ఆ కథలో, భూగర్భంలో పెనవేసుకున్న ప్రయాణ గొట్టాలలో ఒక వింత వాహనం పారిపోతుంటే, గొట్టాల పోలీసు అధిపతి టార్కెమాడా దాన్ని వేటాడతాడు. వాహనంలోని నెమెసిస్ అనే పాత్ర ముఖం పాఠకుడికి కనబడదు. కథ అని చెప్పడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఉన్నదల్లా వేగం, ఒకదానిలోంచి ఒకటి మొలిచే ముళ్లు, కొనదేలిన కోణాలు, ఊపిరాడనంత గీతల దట్టం. కామిక్స్ కోడ్‌కు తరువాత నచ్చనిది ఇదే. రక్తపు చుక్కను చెరపవచ్చు, నగ్నత్వానికి బట్ట కప్పవచ్చు, గీత స్వభావాన్ని మాత్రం దిద్దడం ఎవరి తరం కాదు.

హౌస్ సంగీతం బ్రిటన్‌కు వలస వచ్చినదే. షికాగోలోని వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ వంటి డీజేలు డిస్కో పాటలను సాగదీసి, కత్తిరించి, డ్రమ్ మెషీన్ల మీదికి ఎక్కించడం నుంచి అది పుట్టింది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అనే నడక దీనికి అక్కరలేదు. నిమిషానికి సుమారు 120 నుంచి 130 దెబ్బల వేగంతో, ప్రతి మాత్ర మీదా పడే బాస్ డ్రమ్ చుట్టూ పొరలు ఒక్కొక్కటే వచ్చి చేరుతాయి, ఒక్కొక్కటే తప్పుకుంటాయి. రికార్డు మొదట్లో, చివర్లో కొంతసేపు ఒట్టి తాళమే ఉంచడానికి కారణం, ముందు రికార్డును దీనిలో, దీన్ని తరువాతి రికార్డులో డీజే కలిపేయగలగాలి. అంటే ఒక్కో రికార్డు ఒక రాత్రంతా సాగే పెద్ద రచనలో ముక్క మాత్రమే. దీన్ని విడిగా ఇంట్లో విని, ఇందులో ఏముంది, అదే మోత కదా అనేవారు అబద్ధం చెప్పడం లేదు, ఒక పేజీ చింపి నవలను అంచనా వేస్తున్నారు.

ఈ సంగీతంలోని అతి విడ్డూరమైన శాఖకు మూలం ఓడిపోయిన ఒక యంత్రం. జపాన్ సంస్థ రోలాండ్ 1981లో టీబీ-303 అనే చిన్న పెట్టెను, ఒంటరిగా సాధన చేసే గిటారిస్టులకు బాస్ తోడుగా ఉంటుందని అమ్మకానికి పెట్టింది. అది బాస్ గిటార్‌లా మోగలేదు, కొనేవారు లేక 1984లో తయారీ ఆగింది. సెకండ్‌హ్యాండ్ దుకాణాలలో చవగ్గా దొరికిన ఆ పెట్టెను షికాగోకు చెందిన ఫ్యూచర్ బృందం తీసుకుని, మోగుతుండగానే దాని మీటలను తిప్పుతూ పోయింది. గొంతు నులిమినట్టు కీచుమంటూ, మరుక్షణం బురదలో కూరుకున్నట్టు బరువెక్కే ఆ శబ్దం 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ అనే, పది నిమిషాలు దాటిన రికార్డుగా వచ్చి యాసిడ్ హౌస్ అనే శాఖకు పేరిచ్చింది. ముంబయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ఇదే యంత్రం మీద, డ్రమ్ మెషీన్ తోడుగా, 1982లోనే పది రాగాలను వాయించి రికార్డు చేశారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోని ఆ రికార్డు 2010లో పునర్ముద్రణ పొందాక, యాసిడ్ హౌస్ పుట్టింది ముంబయిలోనే అన్నవారూ ఉన్నారు. షికాగో కుర్రాళ్లు దాన్ని విన్న దాఖలా లేదు కనుక ఆ మాట అతిశయోక్తే. రాగాల గమకానికి ఆ యంత్రంలోని జారుడు స్వరాలు ఇట్టే అమరాయని చెప్పడం మాత్రం అతిశయోక్తి కాదు.

కామిక్సూ హౌస్ సంగీతమూ బాహాటంగా తారసపడిన చోటు ఒక పసుపుపచ్చ బిళ్ల. ‘2000 ఏడీ’లో పేరు తెచ్చుకున్న అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ కలిసి అమెరికన్ ప్రచురణకర్తల కోసం 1986-87లో 12 సంచికలుగా ‘వాచ్‌మెన్’ తెచ్చారు. హత్యకు గురైన పాత్ర పెట్టుకునే స్మైలీ బిళ్ల మీద, ఒక కంటి పైనుంచి ఏటవాలుగా కారిన రక్తపు మరకే దాని మొదటి ముఖచిత్రం. 1988 ఆరంభంలో, ఇరవయ్యేళ్ల టిమ్ సిమెనన్ బాంబ్ ద బేస్ పేరుతో విడుదల చేసిన ‘బీట్ డిస్’ రికార్డు అట్ట మీద ఆ మరకబడిన స్మైలీయే కూర్చుంది. డజన్ల కొద్దీ రికార్డుల ముక్కలను అతికించి చేసిన ఆ పాట బ్రిటిష్ పట్టికలో రెండవ స్థానానికి వెళ్లింది. అదే రోజుల్లో డానీ ర్యాంప్లింగ్ దక్షిణ లండన్‌లోని సదర్క్‌లో, ఒక వ్యాయామశాలలో షూమ్ అనే క్లబ్బును నడుపుతున్నాడు. స్ట్రాబెరీ వాసన వేసే పొగ ఎంత దట్టంగా వదిలేవారంటే, పక్కన ఆడుతున్నది ఎవరో కనబడేది కాదు. ఆ క్లబ్బు కరపత్రాల మీదా స్మైలీలే.

రక్తపు మరక మాత్రం క్లబ్బుల్లోకి వెళ్లాక చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయింది. మూర్, గిబ్బన్స్‌లకు ఆ బిళ్ల అమాయకత్వం మీద పడిన దెబ్బకు గుర్తు. నాట్యమాడేవారికి అది అమాయకత్వమే. 1988 అక్టోబరులో ‘ద సన్’ స్మైలీ టీషర్టులను పాఠకులకు తానే అమ్మజూపి, కొద్ది రోజులకే ఎక్‌స్టసీ అనే మత్తు మాత్రల ప్రమాదమంటూ అదే ఉద్యమం మీద విరుచుకుపడింది. మాత్రల వల్ల మరణాలు నిజమే, ఆ భయాన్ని కొట్టిపారేయలేము. అయినా పన్నెండేళ్ల కిందట ‘యాక్షన్’ మీద కత్తి దూసిన పత్రికే ఇక్కడా మొదటి వరుసలో నిలబడటం గమనించదగ్గది.

పేర్లు దాచుకునే అలవాటు రెండింటికీ ఉంది గాని, పైకి కనిపించినంత పోలిక అందులో లేదు. ‘2000 ఏడీ’ సంపాదకుడు బెటెల్‌గ్యూస్ నక్షత్రం నుంచి వచ్చిన థార్గ్ అనే ఆకుపచ్చ జీవి, రచయితలూ చిత్రకారులూ అతడి దగ్గర చాకిరీ చేసే రోబోలు అన్నది పత్రిక ఆడిన ఆట. బ్రిటిష్ కామిక్సులో అంతకుముందు సృష్టికర్తల పేర్లు అచ్చేయడమే అరుదు కనుక, స్క్రిప్ట్ రోబో, ఆర్ట్ రోబో అనే హాస్యపు ముసుగులోనైనా పేరు కనబడటం ఒక విజయం. హక్కులు మాత్రం సంస్థవే. అండర్‌గ్రౌండ్ హౌస్ రికార్డులలో దీనికి తలకిందులు. మధ్యలో ఏమీ రాయని తెల్ల కాగితంతో, వైట్ లేబుల్ అనే పేరుతో, కొన్ని వందల ప్రతులు అచ్చై దుకాణాలకు చేరేవి. ఎవరు చేశారో తెలియకపోవడం అందులో ఆకర్షణ, ఇతరుల రికార్డుల నుంచి అనుమతి లేకుండా తీసుకున్న ముక్కలకు, అంటే శాంపిళ్లకు, రక్షణ కూడా. ఒకరికి పేరు లేకపోవడం యజమాని విధించిన షరతు, మరొకరికి అది స్వయంగా కప్పుకున్న దుప్పటి. ఆ రికార్డులను మోగించిన పైరేట్ రేడియో కేంద్రాలు తమ ట్రాన్స్‌మిటర్లను లండన్ మునిసిపల్ ఆకాశహర్మ్యాల పైకప్పుల మీద దాచేవి, అధికారులు ఎక్కి వచ్చి పీకేసేవారు, వారాంతానికి మళ్లీ మరో కప్పు మీద వెలిసేవి. ఆ మేడల నుంచే మెగా-సిటీ వన్ పుట్టిందని గుర్తుంచుకుంటే, డ్రెడ్ కథల్లో ఇది ఏ సంచికలోనైనా ఇమిడిపోయే సన్నివేశం. కిస్ ఎఫ్ఎం వంటి ఒకటి రెండు 1990 నాటికి లైసెన్సు సంపాదించుకున్నాయి.

1989 వేసవికి క్లబ్బుల గోడలు చాలలేదు. లండన్ చుట్టూ మూడేళ్ల కిందటే పూర్తయిన ఎం25 రహదారి వెంబడి, చివరి గంట వరకూ చోటు చెప్పకుండా, ఫోన్ నంబర్లలో రికార్డు చేసిన సందేశాల ద్వారా జనాన్ని నడిపించే రేవ్‌లు, అంటే రాత్రంతా సాగే నాట్య సభలు, పుట్టుకొచ్చాయి. జూన్‌లో బెర్క్‌షైర్‌లోని వైట్ వాల్తమ్ విమానాశ్రయ హ్యాంగర్‌లో జరిగిన సన్‌రైజ్ రేవ్‌కు సుమారు 11,000 మంది వచ్చారు. కెంట్ పోలీసులు వీటి కోసమే ప్రత్యేక విభాగాన్ని పెట్టారు. అనుమతి లేని వినోదాలకు శిక్షలు పెంచుతూ 1990లో ఒక చట్టం వచ్చింది. అది డబ్బు తీసుకునే నిర్వాహకులను పట్టుకుంది గాని, టికెట్టే పెట్టని ఉచిత రేవ్‌లను పట్టలేకపోయింది. 1992 మే చివరలో వూస్టర్‌షైర్‌లోని కాసిల్‌మోర్టన్ మైదానంలో సంచార జీవనం గడిపేవారు, భారీ స్పీకర్లను వెంట తిప్పే స్పైరల్ ట్రైబ్ వంటి సౌండ్ సిస్టమ్ బృందాలు, వారాంతపు నాట్యప్రియులు కలిసి 20,000 మందికి పైగా గుమిగూడి, దాదాపు వారం రోజులు కదలలేదు. స్పైరల్ ట్రైబ్‌కు చెందిన 13 మంది మీద పెట్టిన కేసు కోర్టులో నిలవలేదు. ఉన్న చట్టంతో ఈ సంగీతాన్ని పట్టలేమని తేలాక వచ్చినదే బీట్లను నిర్వచించిన 1994 చట్టం. అనుమతి లేని సభ ఉన్న చోటికి అయిదు మైళ్ల దూరంలోనే జనాన్ని ఆపి వెనక్కి పంపే వీలును కూడా అది పోలీసులకు కల్పించింది.

బిల్లు ఇంకా పార్లమెంటులో ఉండగానే, 1994 సెప్టెంబరులో, రాచ్‌డేల్‌కు చెందిన ఆటెకర్ అనే జంట మూడు రచనలతో ‘యాంటీ’ రికార్డును షెఫీల్డ్ సంస్థ వార్ప్ ద్వారా విడుదల చేసింది. రికార్డును మూసి ఉంచిన స్టిక్కర్ మీద ఒక హెచ్చరిక ఉంది. మొదటి రెండు రచనలలో పునరావృత బీట్లు ఉన్నాయి కనుక, బిల్లు చట్టమైతే వాటిని అటువంటి సభల్లో మోగించవద్దు. మూడవది, ‘ఫ్లటర్’, ఏ రెండు ఆవర్తాలలోనూ ఒకే బీట్ల వరుస రాకుండా కూర్చినది కనుక మోగించవచ్చు. అయినప్పటికీ పోలీసులు వేధిస్తే, అది పునరావృతం కాదని నిర్ధారించడానికి ఒక న్యాయవాదినీ ఒక సంగీతశాస్త్రజ్ఞుడినీ పక్కన పెట్టుకోవడం మంచిది. రాబడి పౌరహక్కుల సంస్థ లిబర్టీకి వెళ్లింది. వింటే ‘ఫ్లటర్’ తాళం నిలకడగానే తోస్తుంది, కాలు కదులుతుంది, లెక్కపెట్టబోతే మాత్రం జారిపోతుంది. నినాదాలతో రాసిన నిరసన పాటలకన్నా ఇది మెరుగైన నిరసన. చట్టం రూపాన్ని నేరం చేసింది గనుక, జవాబు కూడా రూపంలోనే వచ్చింది.

దీనితో పోలిస్తే, కామిక్సు పనిగట్టుకుని క్లబ్బులను బొమ్మగట్టిన ప్రయత్నాలు పలచనివి. గ్రాంట్ మారిసన్, స్టీవ్ యోవెల్ 1987లో తెచ్చిన ‘జెనిత్’లో అతీతశక్తులున్న నాయకుడికి లోకరక్షణ కన్నా తన పాప్ రికార్డు మీదే ధ్యాస ఎక్కువ, ఆ వెటకారం ఇప్పటికీ పదునుగానే ఉంది. మారిసన్, రియాన్ హ్యూస్ 1993లో చేసిన ‘రియల్లీ అండ్ ట్రూలీ’ మాత్రం రేవ్ రంగులను అద్దుకుని, హ్యూస్ రూపకల్పన చాతుర్యం తప్ప మరేమీ మిగల్చదు. బ్రెట్ ఎవిన్స్, స్టీవ్ డిల్లన్ 1988లో మొదలుపెట్టిన ‘డెడ్‌లైన్’ కామిక్సునూ సంగీత కథనాలనూ ఒకే పత్రికలో కుట్టి, జేమీ హ్యూలెట్, అలన్ మార్టిన్‌ల ‘ట్యాంక్ గర్ల్’ను ఇచ్చింది. దాని మనసు హౌస్ కన్నా గిటార్ బృందాల వైపే ఎక్కువగా మొగ్గింది. 1990లో మొదలై ఏడు సంచికలకే ఆగిన ‘రివాల్వర్’ పత్రికలో పీటర్ మిలిగన్, బ్రెండన్ మెకార్తీ చేసిన ‘రోగన్ గోష్’ వీటన్నిటికన్నా ఆసక్తికరం. అమర్ చిత్ర కథ పుస్తకాల రంగులనూ దేవతల భంగిమలనూ లండన్ కర్రీ హోటళ్ల మధ్యకు తెచ్చి, కాలాలను ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ రచనలో క్లబ్బు అనే మాట అక్కరలేకుండానే ఆ ఏళ్ల మత్తు కనిపిస్తుంది.

నిషేధాల ఫలితం రెండు చోట్లా ఒకేలా లేదు. 1994 చట్టం హౌస్ సంగీతాన్ని ఆపలేదు, లైసెన్సున్న తలుపుల వెనక్కి తోలింది. 1991లోనే లండన్‌లో తెరుచుకున్న మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ వంటి పెద్ద క్లబ్బులకు ఆ దశాబ్దమంతా పండగ, సౌండ్ సిస్టమ్ బృందాలలో కొన్ని ఫ్రాన్స్‌కు, తూర్పు ఐరోపాకు సామాను సర్దుకున్నాయి. 2003లో వచ్చిన సవరణ 100 మంది అన్న పరిమితిని 20కి దించింది. ఓనీల్ గీతకు ఏ చట్టమూ అడ్డురాలేదు, కామిక్స్ కోడ్ ముద్రకే 2011 తరువాత దిక్కు లేకపోయింది. కామిక్సువారిని కట్టిపడేసింది యాజమాన్యపు కాగితం. హక్కులు దక్కని రచయితలు, చిత్రకారులు 1980ల నడుమ నుంచి ఒక్కొక్కరే అమెరికా ప్రచురణకర్తల వైపు మళ్లారు. 2000లో పత్రికను కొన్న ఆక్స్‌ఫర్డ్‌లోని రెబెలియన్ సంస్థ దాన్ని వారం వారం వెలువరిస్తూనే ఉంది. నెమెసిస్ కథల హక్కులు కూడా ఆ సంస్థ దగ్గరే ఉన్నాయి.